శక్తి వచ్చినది, వెల ఏది?

పగకు, అధికారమునకు పాకులాడు కర్కశ నాయకుడు వైజ్ఞానిక కల్పనలకు క్రొత్త కాదు. జపానులో 1982 నుండి 1990 వరకు కత్సుహిరో ఒటోమో వెలువరించిన "అకిరా" అను బొమ్మల కథలో టెట్సువో అట్టివాడు. స్నేహితుని నీడలో చిన్నతనము అనుభవించిన ఆ బాలునికి ప్రభుత్వ రహస్య ప్రయోగము వలన అపారమైన మనశ్శక్తి లభించును. తుదకు ఆ శక్తియే వాని శరీరమును అదుపు తప్పించి వికృతముగా పెంచివేయును. శక్తికి వెల కలదన్నమాట.

ఈ కొలతతో 2024 జూన్ 27న విడుదలయిన తెలుగు చిత్రము "కల్కి 2898 ఏ.డి."ని పరిశీలింపవచ్చును. దర్శకుడు నాగ్ అశ్విన్ కుటుంబము, కరవును వలసను ఎరిగిన పాలమూరు సీమలోని నాగర్‌కర్నూలు ప్రాంతమునకు చెందినది. చిత్రములోని కాశిలో గంగ ఎండిపోయినది. అచట భైరవ మనుష్యులను పట్టియిచ్చి బహుమతి సొమ్ము పుచ్చుకొనువాడు. వానికి పగ లేదు. సకల సౌఖ్యములుగల "కాంప్లెక్స్"లో చేరుటయే ధ్యేయము. అందుకై గర్భిణియగు సుమతిని సైతము అప్పగింప వెనుదీయడు.

ప్రతినాయకుడు యాస్కిన్ విషయమున చిత్రము శాస్త్రకల్పన ధర్మమును పాటించినది. అతనికి కావలసిన ద్రవమును గర్భస్థ శిశువుల నుండియే తీయవలెను. ఆ వెలను ఇతరులు ప్రాణములతో చెల్లింతురు. ప్రయోగశాల నీతిని గూర్చి ఇది గట్టి ప్రశ్న. భైరవకు మాత్రము కర్ణుని ధనుస్సు ఊరకే చేతికి వచ్చును. సుమతిని కాపాడినది కర్ణుడు. ఆ వెంటనే ఆమెను బేరమునకు కొనిపోయినది భైరవ. మంచి పూర్వజన్మది, చెడు ఈ జన్మది అయినచో ఆ మనిషి తానుగా ఎన్నుకొన్నదేమి? తరువాతి భాగము ఈ ప్రశ్నను భైరవనే అడుగవలెను.