కళ యను మాట – కూలి యను మాట

మన సభలలో ఒక ఆచారము బలపడినది. ఒక పని పదిమంది యిండ్లలో పొయ్యి వెలిగించుచున్నంతకాలము దానిని మనము పనియే యనుచుందుము. చేయువానిని సాలె యనియు, వడ్రంగి యనియు, కంచరి యనియు పిలుచుచుందుము. ఆ పని క్షీణించి, చేయగలవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మాత్రమే మిగులగానే దానికి 'కళ' యను బిరుదము లభించును. శాలువ వచ్చును, జ్ఞాపిక వచ్చును, పత్రికలో ఛాయాచిత్రము వచ్చును. రానిది ఒక్కటియే: చేసిన పనికి తగిన కూలి. ఉత్తరాంధ్రమునందలి చేతివృత్తుల క్షీణతను గూర్చి వ్రాయబడుచున్న వ్యాసములలోను, చేయబడుచున్న ప్రసంగములలోను ప్రధానమైన దోషమిదియే. అవి వస్తువును పొగడును, చేతిని లెక్కింపవు. ఈ పొగడ్త క్షీణతకు విరుగుడు కాకపోగా, దానిని కప్పిపుచ్చు తెరయైనదని నా యభిప్రాయము.

కళ యను శబ్దమునకు పూర్వులు ఇంత సంకుచితమైన యర్థము చెప్పలేదు. వాత్స్యాయనుడు చెప్పిన చతుష్షష్టి కళలలో గీతము, నృత్యముతోపాటు సూదిపనియు, వడ్రంగమును, గృహనిర్మాణవిద్యయు కలవు. కళకును పనికిని నడుమ గోడ లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమునందు నూలు పనిని చూచు సూత్రాధ్యక్షునికి ఒక అధ్యాయమునే కేటాయించెను. వితంతువులచేతను, అంగవైకల్యము గల స్త్రీలచేతను, దిక్కులేని యితరులచేతను నూలు వడికింపవలెననియు, నూలు సన్ననిదా, ముతకదా, మధ్యమమా యని పరీక్షించి వేతనము నిర్ణయింపవలెననియు విధించెను. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలద్వారా మర్యాదతో పని పంపవలెను. వేకువనే నూలుశాలకు వచ్చిన స్త్రీ తెచ్చిన నూలును చూచుటకే దీపము. ఆమె ముఖము చూచినను, అన్యప్రసంగము చేసినను అధికారికి దండనము. వేతనము ఆలస్యము చేసినచో అంతకంటె హెచ్చు దండనము. కూలి పుచ్చుకొని పని చేయని స్త్రీకి అతడు విధించిన శిక్ష క్రూరమైనదే, దానిని సమర్థింపను. అయినను నూలు సన్నదనమునకును వేతనమునకును గల సంబంధమును సుమారు రెండువేల యేండ్లనాటి గ్రంథకర్త గుర్తించెను. సన్నని నూలును కండ్లకద్దుకొను మనము ఆ సంబంధమును మరచితిమి.

మన విజయనగరపు కవియే దీనిని మరల గుర్తుచేసెను. గురజాడ అప్పారావుగారు 1910లో రచించిన దేశభక్తి గీతమును బడిపిల్లలందరు పాడుదురు. దానిలో కళ యను మాట ఏ సందర్భమున వచ్చినదో గమనించువారు కొలదిమంది. కళలు నేర్చుట, స్వదేశపు సరకులు నిండుగా తయారుచేయుట, వానిని అన్యదేశములలో అమ్ముట, ధనము గడించుట—ఇవన్నియు అక్కడ ఒకే ఆలోచనలోని మెట్లు. ధనము తేలేనివారికి కీర్తియు దక్కదని ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. మనము ఆ గీతములో మనుష్యులను గూర్చిన మాటను రాతిపై చెక్కించుకొని, సరకును గూర్చిన మాటను వదలివైచితిమి.

ఇక పొందూరు సంగతి చూతము. ఒకప్పుడు చికాకోలు మస్లిను వస్త్రములు సన్నదనమున ఢాకా, ఆర్ణి వస్త్రములకు సాటియని ప్రసిద్ధికెక్కెను. ఆ పరంపరలో మిగిలినది శ్రీకాకుళమునకు సమీపమున నున్న పొందూరు సన్నఖాదీ. మహాత్ముడు దానిని మెచ్చెనని ప్రతి ప్రసంగికుడును చెప్పును. వాలుగచేప దవడ యెముకతో పత్తి దువ్వుదురని వింతగా చెప్పును. అంతటితో ప్రసంగము ముగియును. ఆ తరువాతి లెక్కయే అసలు సంగతి.

ఈ ప్రాంతపు కొండపత్తిని, ఎర్రపత్తిని గింజతో గూడ చేతబట్టి, చేప దవడయందలి సన్నని పండ్లతో కొంచెము కొంచెముగ దువ్వవలెను. దుమ్ము, నలుసు పోయి పోగులు ఒకే వరుసకు వచ్చును. పిదప పలకమీద సన్నని యినుపకడ్డీని దొర్లించి గింజ తీయవలెను. చిన్నవింటితో దూది నేకి, ఏకులు చుట్టి, అవి మాయకుండ అరటిపట్టలో దాచవలెను. అటుపిమ్మట ఒంటికదురు రాట్నముమీద వడకుట. నూరవ నంబరు నూలనగా నేమి? ఒక పౌను బరువునకు 840 గజముల చుట్టలు నూరు తూగవలెను. అనగా 84,000 గజములు. సుమారు 48 మైళ్లు. ఒక్క పౌను నూలు శ్రీకాకుళమున మొదలిడి విజయనగరము దాటిపోవును. ఆ దారమంతయు ఒక స్త్రీ బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి తెగక సాగవలెను. మగ్గమెక్కువరకు గల యీ పనులలో పెక్కు చేయునది స్త్రీలే. నేతగాని పేరు బట్టతోపాటు కొంతయైన వినబడును. వడికిన స్త్రీ పేరు ఎక్కడను వినబడదు. అంగడిలో ధర చెప్పునపుడు అద్దకము, అంచు, నేత కనబడును. దువ్వుట, ఏకుట, వడకుట కనబడవు. కనబడని పనికి కూలి తగ్గుట సులభము. కూలి తగ్గినచోట కూతురు తల్లి రాట్నమును ముట్టదు. పొందూరు క్షీణతకు మూలసూత్రమింతే.

ఈ పనికి కూలి తగ్గుటకు మనము చెప్పుకొన్న సాకొకటి కలదు. అదియే 'తీరిక' యను మాట. రాట్నము స్త్రీలు తీరికవేళల చేయు పనియనియు, ఇంటి కర్చులకు కొంత తోడుపడిన చాలుననియు ఖద్దరు ఉద్యమపు తొలినాళ్లలో పెద్దలే వాదించిరి. వంట, నీళ్లు, బిడ్డలు, పొలము—ఇవన్నియు గడచిన పిదప మిగులు గంటలను తీరిక యని పిలుచుట పురుషుల గణితము. ఎనిమిది గంటలు రాట్నముముందు కూర్చుండినామె పని చేసినదే గాని తీరికగా నుండలేదు.

ఈ సంగతిని గ్రహించి దిద్దినవాడు గాంధీ మహాత్ముడే. 1925లో స్థాపింపబడిన అఖిల భారత చరఖా సంఘము పదేండ్లపాటు ఖద్దరు ధర తగ్గించుటకే ప్రయాసపడెను. 1935లో ఆయన ఆ త్రోవను మార్చి, వడకు స్త్రీకి జీవనమునకు చాలిన కూలి ఉండవలెనని పట్టుపట్టెను. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఆదర్శమని చెప్పెను. ఖద్దరు ధర పెరుగును, కొనువారు తగ్గుదురు అని అనుచరులు భయపడిరి. సంఘము అంత మొత్తమునకు ఒడంబడలేకపోయినను కూలి పెంచుటకు తీర్మానించెను. పొందూరును మెచ్చిన గాంధీని మనము చిత్రపటమున నిలిపితిమి. కూలి అడిగిన గాంధీని మరచితిమి. పొందూరులో కార్మికుల పేరనే 1949లో ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘము వెలసినది. ఆ పేరులో ఖాదీ తరువాత కార్మికుడున్నాడు. అతని తరువాత అభివృద్ధి యున్నది. మూడు మాటలను కలిపి చదువవలెను.

బొబ్బిలి వీణ కథ మరియొక రీతిది. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు పనసమ్రానును తొలిచి వీణలు చేయుదురు. కుండ, దండి, తల అతుకులేక ఒకే మ్రానునుండి తీర్చినచో దానిని ఏకాండి వీణ యందురు. మ్రాను ఎంచుటలోను, ఆరవేయుటలోను, మెట్లు కూర్చుటలోను ఏండ్ల అనుభవము కావలెను. నేడు ఆ చేతులకు విరివిగా పని కల్పించునది ఏది? అతిథులకు బహూకరించు చిన్న బొమ్మవీణ. దానిపై స్వరము పలుకదు. పలుకనక్కరయు లేదు, అది బల్లమీద ఉండుటకు చేయబడినది. కడుపు నింపుచున్న ఆ బొమ్మను నేను నిందింపను. వృత్తివారిని నిందించుట అంతకంటె తగదు. కాని బొమ్మవీణనిచ్చి పుచ్చుకొని 'కళను పోషించితిమి' అనుకొనుట ఆత్మవంచన. వీణను నిలుపునది వాయించు విద్యార్థి. విజయనగరమున 1919లోనే సంగీత కళాశాల వెలసిన సీమ యిది. మన బిడ్డకు పెండ్లిచూపులనాటికి రెండు కీర్తనలు వచ్చిన చాలునని వీణను మూలబెట్టు గృహములు, గొల్లపల్లి క్షీణతలో భాగస్వాములు.

సారవకోట మండలములోని బుడితి కంచు, ఇత్తడి పనియు ఇట్టిదే. రాగి, తగరము కలిసిన కంచు మన వంటయింటి లోహము. చెంబు, గిన్నె, గంట, పళ్లెము దానినుండి వచ్చెను. తుప్పుపట్టని ఉక్కు పాత్రలు చవుకగాను, తేలికగాను వచ్చినవి. చింతపండుతో తోమనక్కరలేదు, కళాయి పూయింపనక్కరలేదు. తోమవలసినది ఇంటి స్త్రీయే కనుక ఆమె ఉక్కునెంచుకొనుట తప్పనలేము. బుడితి చెంబు వంటయింటినుండి అద్దాల బీరువాలోనికి నడచినది. ఆ బీరువాలోనున్న వస్తువు ఇక అరుగదు; అరుగని వస్తువును మరల కొనరు. నిత్యము వాడుకొను సరకు చేయు ఊరు అలంకారము చేయు ఊరైనచో కొలిమికి పని చాలదు.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. యంత్రము వచ్చిన పిదప చేతిపని తగ్గుట సహజము గదా, దానికి విలపించుట వ్యర్థము గదా యని. ఈ వాదములో సగము సత్యమున్నది. కోట్లమందికి వస్త్రము చేతిరాట్నముమీద రాదు. ఒంటికదురు రాట్నము మరతో వేగమున పోటీపడజాలదు. కాని అదే వాదము సన్నపనికి వర్తింపదు. ఇక్కడ కొనువాడు వేగము కోరి వచ్చుటలేదు. చేతినే కోరి వచ్చుచున్నాడు. చేతిని కోరి, మరధర యిత్తుననుట న్యాయము కాదు.

రెండవ ఆక్షేపణ సంస్కర్తలది. నేతగాని కొడుకు చదువుకొని వేరు ఉద్యోగమునకు పోవుట మేలు కాదా? నిస్సంశయముగా మేలే. వృత్తిని కులమునకు కట్టివేసి, దానిని కాపాడుటకు ఒక పిల్లవానిని అర్ధచదువుతో ఆపుట ఎవ్వరికిని అధికారము లేదు. 1953లో మద్రాసు రాష్ట్రమున బడి వేళలు తగ్గించి, మిగిలిన కాలము పిల్లలు ఇంటి వృత్తి నేర్వవలెనను పథకము వచ్చినపుడు ప్రజలు దానిని కులవిద్య యని తిరస్కరించిరి. మరుసటి యేటనే అది ఉపసంహరింపబడెను. ఆ తిరస్కారము న్యాయమైనది. కాని 1937నాటి వార్ధా విద్యావిధానము చెప్పినది వేరు: ఏదియో ఒక చేతిపని ప్రతి బిడ్డకును, ఏ కులమువాడైనను, నేర్పవలెనని. మనము మొదటిదానిని త్రోసివేయుచు రెండవదానిని గూడ త్రోసివేసితిమి. ఫలితముగా మన బడులలో చేయి వ్రాయుటకు మాత్రమే పనికివచ్చు అవయవమైనది. నా విద్యార్థులు ముడిసరకుల పట్టికలు ఒప్పజెప్పగలరు. పడుగునకును పేకకును భేదమడిగిన మౌనము వహింతురు.

సాహిత్యమునందును ఇదే లోపము. మన కథలలో నేతగాడు ఆకలితో కన్నీరు కార్చును, లేదా ఋషివలె మగ్గముముందు కూర్చుండును. అతడు ఆసుపోయుట, గంజిపెట్టుట, తెగిన పోగు నతుకుట ఎట్లో రచయితకు తెలియదు. అప్పునకు నూలెట్లు తెచ్చెనో, బట్ట నెవరికెంతకు ఇచ్చెనో అసలే తెలియదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషితో సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశమును వెలువరించెను. వ్యవసాయసంపుటము 1962లోను, చేనేతసంపుటము 1971లోను వచ్చినవి. పని చేయువారి నోటనుండి సేకరించిన మాటలవి. మన వచనరచయితలలో ఎందరు దానిని తెరచిరి? జాలి సులభము, పదము నేర్చుట కష్టము. పదము తెలిసినవాడు పనిని చూచును. పనిని చూచినవాడు కూలినడుగును.

ప్రభుత్వముల తీరును ఇట్లేయున్నది. 2015నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. 1905నాటి స్వదేశీ ఉద్యమమునకు అది స్మారకము. 2020లో అఖిల భారత చేనేత మండలిని, హస్తకళల మండలిని రద్దు చేసిరి. దినము మిగిలినది, వృత్తివారి మాట చెప్పుటకుండిన పీఠము పోయినది. 2019–20నాటి చేనేత గణనలో దాదాపు మూడింట రెండువంతుల నేత కుటుంబముల నెలరాబడి 5,000 రూపాయలకు లోపని తేలెను. ఆ సంఖ్యను ఆగస్టు 7నాటి ప్రసంగములలో నేను వినలేదు.

అయితే గృహస్థులు చేయదగినదేమి? ఖద్దరు కొనుట ఒక్కటియే చాలదు. కొనునపుడు సన్నదనమును తడవిచూచినట్లే, ధరలో వడికినవారి భాగమెంతయని అడుగవలెను. మొదట అంగడివాడు నవ్వును; పదిమంది అడిగిన పిదప లెక్క చూపును. బేరమాడుటకు పూర్వము ఆ 48 మైళ్ల దారమును తలచుకొనవలెను. ఇంట వీణ యుండిన బిడ్డచేత వాయింపింపవలెను. కంచుగిన్నె యుండిన వాడుకొనవలెను. తోముటకు పురుషుడును చేయి వేయవలెను. తీరికపని యను మాటను మన నోటినుండి తొలగింపవలెను.

కళ యను మాటను వదలుకొమ్మని నేననుటలేదు. ఆ మాట పొందూరు స్త్రీకి తగును, గొల్లపల్లి వడ్రంగికి తగును, బుడితి కంచరికి తగును. కాని ఆ మాట వినిన తరువాత ఆమె సంతకెళ్లి బియ్యము కొనవలెను గదా. బియ్యమునకు చాలినంత కూలియిచ్చి ఆ పిమ్మట కళ యని పిలిచినచో అది గౌరవము. కూలికి బదులుగా పిలిచినచో అది బాకీ ఎగవేయుటయే.