ముందుమాట: తెల్ల ఓడలూ బొగ్గు పనీ

1907 డిసెంబర్ 16న అమెరికా తూర్పు తీరంలోని హాంప్టన్ రోడ్స్ నుంచి 16 యుద్ధనౌకలు బయల్దేరాయి. యుద్ధానికి కాదు, ఊళ్లు తిరగడానికి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పంపిన ఈ దండుకు ఒళ్లంతా తెల్లరంగు, ముందుకొమ్మున బంగారు పూత నగిషీ. దక్షిణ అమెరికా చుట్టి, పసిఫిక్ దాటి, సూయజ్ మీదుగా 1909 ఫిబ్రవరి 22న ఇల్లు చేరింది. స్నేహయాత్ర అన్నారు. ఫిరంగులు వెంటేసుకుని వచ్చే చుట్టాన్ని ఏ రేవు మాత్రం పొమ్మంటుంది?

ఈ యాత్ర గురించి రాసేవాళ్లు విందులూ ఊరేగింపులూ వర్ణించి ఊరుకుంటారు. మనవాడు (శిష్యుడు కాబట్టి ఏకవచనం, పాఠకులు మన్నించాలి) బొగ్గు దగ్గర ఆగాడు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం అదే. బొగ్గు నౌక వచ్చి పక్కన ఆనుకోగానే ఓడలో మిగతా పనులన్నీ బంద్. దాని కడుపులో దిగి సంచులు నింపేవాళ్లు కొందరు, వాటిని పైకి లాగేవాళ్లు కొందరు, అడుగున చీకటి కొట్లలో నిలబడి పారలతో మూలమూలకూ సర్దేవాళ్లు కొందరు. అధికారులకూ మినహాయింపు లేదు. చేతులు మందగించకుండా పైన బ్యాండు మోగేది. కనురెప్పల్లో, పళ్ల సందుల్లో, అన్నిటా మసి. పని ముగిశాక ఓడ మొత్తం కడిగితే తప్ప రేవు జనానికి ఆ తెల్లదనం కనబడేది కాదు. ఇంతా చేసి, బొగ్గు తెచ్చిన నౌకల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ జెండావే! బలం చాటడానికి బయల్దేరిన దేశం పరాయి నౌకలు రాకపోతే కదలలేని స్థితి. రచయిత ఈ సంగతి కేకలు పెట్టకుండా చెప్పాడు. మెచ్చుకున్నాను.

ఆస్ట్రేలియా ఘట్టం హుషారుగా నడిచింది. ప్రధాని ఆల్ఫ్రెడ్ డీకిన్ లండన్ పెద్దలకు చెప్పకముందే అమెరికా ప్రతినిధులకు ఆహ్వానం పంపిన తీరు చదివి నవ్వుకున్నాను. మెల్‌బోర్న్‌లో దిగిన నావికులు చాలామంది మళ్లీ ఓడ ఎక్కనే లేదట. మర్యాద మరీ ఎక్కువైంది కాబోలు.

యొకొహామా దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. 1908 అక్టోబర్‌లో అక్కడి బడిపిల్లలు అమెరికన్ల జెండా పాటను ఇంగ్లీషులో పాడి స్వాగతం పలికారు. అంతకు సరిగ్గా రెండేళ్ల ముందు శాన్‌ఫ్రాన్సిస్కో విద్యామండలి జపాన్ పిల్లల్ని మిగతా పిల్లలతో కూర్చోనివ్వక వేరే బడికి పొమ్మంది. రచయితకు రెండూ తెలుసు. ఒకటి మూడో అధ్యాయంలో, ఒకటి తొమ్మిదో అధ్యాయంలో పెట్టాడు. నేనైతే రెండూ ఒకే పేజీలో పెట్టేవాణ్ని.

మరో మాట. 1908 డిసెంబర్ 28న ఇటలీలో మెస్సీనా భూకంపం వచ్చింది. ఈ దండులోని కొన్ని ఓడలు సాయానికి వెళ్లాయి. 'ఇల్లినాయ్' సిబ్బంది శిథిలాలు తవ్వి అమెరికా కాన్సల్ మృతదేహాన్నీ, ఆయన భార్య మృతదేహాన్నీ వెలికితీశారు. ఆహ్వానపత్రిక లేని మజిలీ ఇది. దీనికి ఒక్క పేరానా? రెండో ముద్రణలో అధ్యాయం చేయాలి. వెనక ఒక పటం కూడా వేయించమని ప్రచురణకర్తలకు నా మనవి. ఈ ఓడలు దాటిన మెగెల్లాన్ జలసంధి ఎక్కడుందో వెతకడానికి మనవడి అట్లాసు తీయాల్సొచ్చింది.