‘మ్యాన్’ అను పదమున కర్థమెంత?

మేము బోధించు పదవతరగతిలో నొకనాడు 1776వ సంవత్సరపు అమెరికా స్వాతంత్ర్యప్రకటనను గూర్చిన యాంగ్లపాఠము నడుచుచుండెను. మనుష్యులందఱును సమానులుగా సృష్టింపబడిరను భావముగల వాక్యమున ‘మెన్’ అను పదము వచ్చినది. వెనుకబల్లపై గూర్చున్న బాలిక యొకతె లేచి, “అయ్యా, ఆ మాటలో మేముకూడ ఉన్నామా?” యని యడిగినది. సంస్కృతము చదివినవారికి సహజముగా నోటికివచ్చు సమాధానమునే మేము చెప్పితిమి. ‘పితరౌ’ అన్నచో తల్లియు దండ్రియు నిరువురును బోధపడుదురు. పుంలింగశబ్దమొక్కటి మిగిలి రెండవదాని యర్థమునుగూడ మోయును. దీనిని వైయాకరణులు ఏకశేషమందురు. ‘మెన్’ అనునదియు నట్టిదే యంటిమి. బాలిక కూర్చున్నది. ఇంటికివచ్చి పుస్తకములు తిరుగవేసినపిదప, మేము చెప్పినది వ్యాకరణమునకు సరిపోయినను చరిత్రమునకు సరిపోదని తేలినది. ఆ తప్పు దిద్దుకొనుటకే యీ వ్యాసము.

ఆంగ్లభాషకు న్యాయము చేయదలచినచో మొదట నొకసంగతి చెప్పవలయును. ప్రాచీనాంగ్లమున ‘మన్’ అనగా మనుష్యమాత్రము. పురుషునకు ‘వెర్’ అనియు, స్త్రీకి ‘వీఫ్’ అనియు వేఱుమాట లుండెను. మన ‘వీర’శబ్దము ఆ ‘వెర్’కు దాయాది, మన ‘మను’శబ్దము ఆ ‘మన్’కు దాయాది. నేటి ‘వుమన్’ అను పదము ‘వీఫ్‌మన్’ అనుదానినుండి పుట్టినదే. అనగా ఆడుమనిషి యని. కాలక్రమమున ‘వెర్’ వాడుకతప్పి, మనిషి తోడేలగు కథలలోని ‘వేర్‌వుల్ఫ్’ అను పేరున మాత్రము దాగికొన్నది. దాని చోటును ‘మ్యాన్’ ఆక్రమించినది. ఇట్లు ఇంటిపేరును ఇంటి పెద్దకొడుకు పేరును ఒక్కటే యైనవి. పంపకములవేళ వచ్చు చిక్కు లింతకంటె వేఱుగ నుండునా?

ఆ పంపకము 18వ శతాబ్దాంతమున మొదలైనది. మేరీ వొల్‌స్టన్‌క్రాఫ్ట్ 1790లో ‘మెన్’ హక్కులను సమర్థించుచు నొకగ్రంథము ప్రకటించెను. ఆ మాటలో స్త్రీలు నిజముగా చేరియున్నచో ఆమెకు రెండవగ్రంథముతో పనిలేదు. కాని 1792లో ‘వుమన్’ హక్కులను గూర్చి వేఱొక గ్రంథము వ్రాయవలసివచ్చినది. ఆ సంవత్సరమే థామస్ టేలర్ అను పండితుడు తనపేరు చెప్పక జంతువుల హక్కులను గూర్చి యొక పరిహాసగ్రంథము వెలువరించెను. స్త్రీలకు హక్కులున్నచో పశువుల కేల యుండరాదనుట యందలి వెక్కిరింత. తరువాత 1848లో అమెరికాలోని సెనెకాఫాల్సున చేరిన స్త్రీలు పాతప్రకటనలోని ‘మెన్’ ప్రక్కను ‘వుమెన్’ అనుమాటను చేర్చి తమ ప్రకటనను వ్రాసికొనిరి. ఒక్కమాట చేర్చుటకు 72 సంవత్సరములు పట్టినది.

దీనికంటెను చోద్యమైనది న్యాయస్థానముల కథ. 1850లో బ్రిటిషు పార్లమెంటు శాసనములభాషను క్లుప్తపఱచుటకై, పుంలింగపదములు వేఱుగ చెప్పనంతవఱకు స్త్రీలకును వర్తించునని యొకచట్టము చేసినది. ఇది మన ఏకశేషమే. 1867లో ఓటుహక్కును విస్తరించు బిల్లు వచ్చినపుడు జాన్ స్టువర్ట్ మిల్ అందలి ‘మ్యాన్’ను తీసి ‘పర్సన్’ అని వ్రాయుడని సవరణ ప్రతిపాదించెను. 73 మంది యనుకూలించిరి. 196 మంది కాదనిరి. తాను సభ్యుడుగా జేసిన పనులలో నిజముగా ముఖ్యమైనది బహుశః ఇదియొక్కటే యని మిల్ తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. ఓడిపోయిన సవరణ! సరే, ‘మ్యాన్’ అనియే యుండుగాక, 1850 చట్టముచే అందు స్త్రీలును చేరుదురుగదా యని మాంచెస్టరు నగరమున 5,000కు పైబడిన స్త్రీలు ఓటర్లపట్టీలో తమపేళ్లు చేర్పుడనిరి. 1868లో న్యాయమూర్తులు, ఈ విషయమున ‘మ్యాన్’ అనగా పురుషుడే యని తీర్పుచెప్పిరి. పన్ను కట్టుటకును శిక్ష పడుటకును పుంలింగమున స్త్రీ యిమిడినది. ఓటువేయుటకు వచ్చినంతనే బయటికి నెట్టబడినది.

మిల్ కోరిన ‘పర్సన్’ అను మాటయైనను రక్షించెనా? కెనడాలో సెనెటునకు నియమింపదగిన ‘పర్సన్స్’లో స్త్రీలు చేరరని అక్కడి సుప్రీముకోర్టు 1928లో చెప్పినది. అయిదుగురు స్త్రీలు లండనులోని ప్రీవీకౌన్సిలువఱకు పోరాడగా 1929 అక్టోబరు 18న ఆ తీర్పు త్రోసివేయబడినది. స్త్రీ వ్యక్తియా కాదా యని తేల్చుటకు సముద్రము దాటవలసివచ్చినది. నిఘంటువు లేమి చెప్పినను, ఆ పదముచాటున ఎవరికి భాగము దక్కినదో చూచియే దాని యర్థమును నిర్ణయింపవలయునని మాకు తోచుచున్నది.

ఈ చరిత్రమంతయు దృష్టియం దుంచుకొన్నప్పుడే హంసా మెహతా చేసిన పని విలువ తెలియును. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘమున భారతప్రతినిధిగా నుండిన యామె, ప్రకటనమొదటి యధికరణమున ‘ఆల్ మెన్’ అని యుండుటకు సమ్మతింపలేదు. అధ్యక్షురాలగు ఎలీనర్ రూజ్‌వెల్ట్ గారికి మొదట దీనిలో దోషము కనబడలేదు. ఆ మాటలో స్త్రీలును చేరుదురని లోకము గ్రహించునని వారి యభిప్రాయము. తరగతిలో మేము చెప్పిన సమాధానమును అదియే! మెహతాగారు పట్టుదల వదలలేదు. 1948 డిసెంబరు 10న ప్యారిసునందు ఆమోదింపబడిన ప్రతిలో ‘హ్యూమన్ బీయింగ్స్’ అని యున్నది. కాని ద్వారము మార్చినవారు లోపలిగదులు మార్చలేదు. ఆ యధికరణమే మానవులు పరస్పరము సోదరభావముతో మెలగవలెననుచున్నది; 25వ యధికరణమున జీవనప్రమాణము ‘అతని’కిని ‘అతని’ కుటుంబమునకును తగినదిగా నుండవలెనని వ్రాయబడినది. ఫ్రెంచి ప్రతి శీర్షికలో ‘లొమ్’ అను పురుషవాచకమే నేటికిని నిలిచియున్నది. ఉత్తమరచనలోని లోపములను చెప్పుట దానిని తక్కువచేయుట కాదు.

ఆంగ్లేయులను తప్పుపట్టి మనము చేతులు దులుపుకొనుటకు వీలులేదు. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి మహత్తు, అమహత్తు అను విభాగము తెలియును. ఏకవచనమున పురుషుడు ‘వచ్చెడివాడు’. స్త్రీయు గోవును చెట్టును ‘వచ్చునది’. టేలర్ పరిహాసముగా జేసిన జోడింపు మన క్రియాపదములలో శాశ్వతముగా నున్నది. బహువచనమున మాత్రము స్త్రీలు ‘వచ్చెడివారు’ అగుదురు. ఒంటరిగా దొరకని గౌరవము గుంపుగా దొరకుచున్నదనుకొందము. ఇందుకు భాషను నిందించుటకంటె, ఆస్తిపత్రములను చూచుట మేలు. ‘మానవులందఱును సమానులు’ అని మనదేశము 1948లో ఒప్పుకొన్నది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 14వ యధికరణమున ‘పర్సన్’ అను విశాలపదమునే వాడుకొన్నది. అయినను ఉమ్మడికుటుంబపు టాస్తిలో పుట్టుకతోనే కొడుకునకుగల వాటా కూతునకు కలుగలేదు. ఆంధ్రప్రదేశమున నా వాటా 1985 సెప్టెంబరు 5నుండి, అదియు అంతకుముందే పెండ్లియైన కూతుళ్లను విడిచి, చట్టసవరణచే వచ్చినది. దేశమంతటను 2005లో వచ్చినది. ఈ పత్రికను చదువు ఇండ్లలో ఎందఱు కూతుళ్లు ఆ వాటాను ‘మాకు వద్దు’ అని వ్రాసియిచ్చి పుట్టింటి రాకపోకలను నిలుపుకొనుచున్నారో గృహస్థులకే తెలియవలయును.

మఱుసటివారము మేము తరగతిలో మా తప్పును చెప్పికొని, ప్రకటనలోని కొన్ని యధికరణములను పిల్లలచే తెలుగు చేయించితిమి. 25వ దానికడ ‘అతనికి, అతని కుటుంబమునకు’ అని యొక బాలుడు వ్రాసెను. మునుపు ప్రశ్న యడిగిన బాలిక దానిని కొట్టివేసి, ‘ప్రతి మనిషికిని, తన కుటుంబమునకును’ అని దిద్దినది. ‘మనిషి’, ‘తన’ అను రెండు మాటలును స్త్రీపురుషుల కుభయులకు చెల్లును. మేము దానినే నల్లబల్లపై నెక్కించితిమి.