బాలమేధావుల మీద కోపం

ఓ కుర్ర రచయిత తన నవల పంపాడు. పదేళ్ళ పిల్లాడు, వాడి చేతికింద అంతరిక్ష నౌకల దండు. మొదటి పేజీలోనే ‘అపర మేధావి’ అని బిరుదిచ్చేశాడు. ఆ తర్వాత మేధ జాడ లేదు, పెద్దలు నోళ్ళు తెరుచుకుని చూడడమే. నా పాత పాట ఈ కాలమ్ చదివేవాళ్ళకి కంఠతా వచ్చు: పాత్ర తెలివికి రచయిత సర్టిఫికెట్ చెల్లదు, పాత్ర చేసే పనే చెప్పాలి.

విసుగు తీరడానికి ఆర్సన్ స్కాట్ కార్డ్ ‘ఎండర్స్ గేమ్’ తీశాను. 1977లో కథగా వచ్చి, 1985లో నవల అయింది. హ్యూగో, నెబ్యులా రెండూ కొట్టేసింది. ఆరేళ్ళ ఎండర్‌ని కక్ష్యలో ఉన్న యుద్ధ పాఠశాలకి పట్టుకుపోతారు. అక్కడి పోరు గదిలో బరువుండదు. బయట వరండాలో నేల ఎటో ఇక్కడా అటే అనుకుని తక్కిన పిల్లలు తేలుతుంటారు. ఎండర్ మాత్రం శత్రువు ద్వారమే ‘కింద’ అనుకుంటాడు. ఎదురుగా దూకడం కాస్తా దిగడం అయిపోతుంది. కాళ్ళు ముందుకొస్తాయి, గురికి దొరికే ఒళ్ళు తగ్గిపోతుంది. చదువుతుంటే మన తలే ఓసారి తిరుగుతుంది. ఇక బిరుదులెందుకు?

అభిమన్యుడు గుర్తొచ్చాడా? నాకూ వచ్చాడు. కానీ అతనికి దిగేది యుద్ధంలోకని తెలుసు. బయటికి దారి తెలియదని ధర్మరాజుకి చెప్పే వెళ్ళాడు. ఎండర్‌కి ఆపాటి కూడా దక్కలేదు. ఆఖరి పరీక్ష అనుకుని ఆడింది అసలు యుద్ధం. తెర మీద పేలింది నిజం గ్రహం, దాంతోపాటు ఓ జాతి. (ముగింపు చెప్పేశాను. పుస్తకం వచ్చి ఇన్నేళ్ళయింది, మన్నించండి.)

పెద్దల లెక్క ఇది: శత్రువు మనసులో దూరాలంటే దయ కావాలి, అంత దయ ఉన్నవాడు తెలిసి చంపడు. అందుకని చెప్పింది నమ్మేవాడు కావాలి. ప్రతి అధ్యాయం మొదట్లో ఆ పెద్దలు వాడి గురించి మాట్లాడుకోవడం మనకి వినిపిస్తూనే ఉంటుంది, వాడికి తప్ప.

అంటే పోరు గది ఎత్తులు పాతికేళ్ళవాడైనా వేస్తాడు. వయసు పనికొచ్చింది ఆ నమ్మకం దగ్గర. అందుకే కుర్ర రచయితకి వ్యూహాలు మెరుగుపెట్టమని రాయలేదు, నా పాత పాటా పాడలేదు. మీవాడికి అబద్ధం చెబుతున్నది ఎవరని మాత్రం అడిగాను.