సన్‌స్క్రీన్ గొట్టముపై అంకె: విలువ, పరిమితి

మందుల దుకాణములో ముఖమునకు పూసికొను సన్‌స్క్రీన్ అడిగినవారికి మొదట కనిపించునది ఒక అంకె: 15, 30, 50. కొనువారిలో చాలమంది దీనిని పరీక్షలోని మార్కులవలె చూతురు. ఎక్కువ మార్కులు వచ్చినది మేలు, తక్కువ వచ్చినది నాసి అని అక్కడికక్కడే నిర్ణయింతురు. ఆ అంకె ప్రక్కనున్న గుర్తులను, వెనుకవైపు చిన్న అక్షరములలో ఉన్న విషయములను చదువువారు అరుదు. ప్రతిదినము వాడవలసిన వస్తువును ఇట్లు ఒక్క అంకెతో ఎన్నుకొనుట ఎంతవరకు సమంజసము? ఆ అంకె దేనిని కొలుచుచున్నది? దేనిని కొలువక విడిచిపెట్టుచున్నది? ఈ ప్రశ్నలు శాస్త్రమునకే గాక ఇంటి ఖర్చుకును, చర్మ ఆరోగ్యమునకును సంబంధించినవి.

అంకె పుట్టుక

భూమిని చేరు అతినీలలోహిత కిరణములు రెండు తెగలు. 280 నుండి 315 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యము కలవి ‘బి’ తెగ. 315 నుండి 400 వరకు కలవి ‘ఎ’ తెగ. ఇంతకంటె పొట్టివైన ‘సి’ కిరణములను వాయుమండలమే అడ్డగించును. భూమిని చేరు వానిలో సుమారు 95 శాతము ‘ఎ’ తెగవే. అయినను చర్మమును ఎఱ్ఱగా కమిలించు శక్తి ‘బి’ కిరణములకే చాల ఎక్కువ. ‘ఎ’ కిరణములు చర్మములో మరింత లోతునకు పోయి ముడుతలకును, నల్లబాటునకును తోడ్పడును. ‘బి’ కిరణములను చాలవరకు ఆపు కిటికీ అద్దమును ఇవి దాటి రాగలవు.

1956లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ షుల్జె ఇట్టి లేపనముల బలమును అంకెతో కొలుచు పద్ధతిని ప్రతిపాదించెను. తరువాత ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ గ్రైటర్ దానిని ఎస్.పి.ఎఫ్. అను పేరుతో ప్రచారములోనికి తెచ్చెను. పరీక్ష సులభముగనే అర్థమగును. మనిషి వీపుపై కొంత చర్మమును వట్టిగా ఉంచి, మరికొంత చర్మముపై చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల చొప్పున లేపనము పూసి, రెంటిపైనను సూర్యకాంతిని పోలిన దీపపు కాంతిని ప్రసరింపజేయుదురు. చర్మము ఎఱ్ఱబడుట ఆరంభమగుటకు లేపనమున్నచోట ఎన్ని రెట్లు ఎక్కువ కిరణశక్తి అవసరమో ఆ నిష్పత్తియే ఎస్.పి.ఎఫ్. కనుక ఆ అంకె కొలుచునది ముఖ్యముగా ‘బి’ కిరణముల వలన కలుగు ఎఱ్ఱదనమును. మిగిలిన నష్టములకు అది సూటియైన కొలత కాదు.

రెండు అపోహలు

మొదటి అపోహ కాలమునకు సంబంధించినది. పది నిమిషములలో కమిలిపోవువాడు ఎస్.పి.ఎఫ్. 30 పూసికొన్నచో 300 నిమిషములు నిర్భయముగా తిరుగవచ్చునని లెక్క చెప్పుదురు. ఆ అంకె కొలుచునది కిరణముల మోతాదునే గాని గడియారపు కాలమును కాదు. ఉదయము ఎనిమిది గంటల ఎండకును, మిట్టమధ్యాహ్నపు ఎండకును మోతాదులో ఎంతో భేదము. పైగా చెమట పట్టును, చేతిగుడ్డ ముఖమును తుడుచును. అందుచేతనే ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి తిరిగి పూసికొనవలెనని వైద్యులు చెప్పుదురు.

రెండవ అపోహను కొందరు విమర్శకులే వ్యాపింపజేసినారు. 30 అంకె కలది ఎఱ్ఱబరచు కిరణములలో 96.7 శాతమును ఆపును, 50 అంకె కలది 98 శాతమును ఆపును, భేదము 1.3 మాత్రమే గదా, ఎక్కువ అంకెకు ధర చెల్లించుట దండుగ అని వారి వాదము. లెక్క సరియైనదే, చూచిన వైపు సరికాదు. చర్మమునకు హాని చేయునవి ఆగిన కిరణములు కావు, లోపలికి చొచ్చినవి. అవి మొదటి దానిలో 3.3 శాతము, రెండవ దానిలో 2 శాతము. అనగా ఐదింట రెండు వంతుల తగ్గుదల. దీనిని ఏమియు కాదని తోసిపుచ్చుట న్యాయము కాదు. అంకె అబద్ధము చెప్పుటలేదు. లోపము మరియొక చోట ఉన్నది.

మరచిపోయిన షరతు

ఆ లోపము 2 మిల్లీగ్రాముల షరతులో ఉన్నది. ముఖము, మెడ కలిసి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకొన్నచో ఒక్కసారికి 1.2 గ్రాములు కావలెను. చూపుడువ్రేలు, మధ్యవ్రేలు పొడవునా రెండు చారలు పిండినచో ఇంచుమించు ఆ పరిమాణము వచ్చును. దినమునకు ఒక్కసారి పూసికొన్నను 50 గ్రాముల గొట్టము ఆరు వారములలో నిండుకొనవలెను. అదే గొట్టము ఆరు నెలలు వచ్చినదని సంతోషించు గృహస్థుడు నిజమునకు పూసికొన్నది దినమునకు 0.28 గ్రాములు, అనగా ఉండవలసిన దానిలో నాలుగవ వంతుకంటెను తక్కువ.

నాలుగవ వంతు పూసినచో ఎంత రక్షణ మిగులును? సమముగా పరచిన పలుచని పొరకు కాంతిశోషణ సూత్రమును అన్వయించినచో, 50కి వర్గమూలము తీసి, దానికి మరల వర్గమూలము తీయవలెను. వచ్చునది సుమారు 2.7. అనుపాతముగా తగ్గునని ఉదారముగా లెక్కించినను 12 మాత్రమే. ఏ విధముగా చూచినను గొట్టముపైనున్న 50 ఆ ముఖముపై లేదు. పొదుపరియైన కొనుగోలుదారు ఎక్కువ అంకెకు ధర చెల్లించి, తక్కువ అంకెను వాడుకొనుచున్నాడు. ప్రకటనలు అంకెను పెద్ద అక్షరములలో వేయుచున్నవి. పరిమాణమును అంతే స్పష్టముగా చూపుట వాని బాధ్యత కాదా?

అంకె చెప్పని సంగతులు

‘ఎ’ కిరణముల నుండి రక్షణ తెలిసికొనుటకు వేరు గుర్తులను చూడవలెను. 1996లో జపాను ‘పి.ఎ.’ అను అక్షరముల ప్రక్కన కూడిక గుర్తులు వేయు పద్ధతిని ప్రవేశపెట్టినది. నాలుగవ కూడిక గుర్తు 2013లో చేరినది. గుర్తులు హెచ్చినకొలది రక్షణ హెచ్చు. ఐరోపా పద్ధతిలో వలయములోనున్న ‘యు.వి.ఎ.’ అను అక్షరములు, ఈ రక్షణ ఎస్.పి.ఎఫ్.లో కనీసము మూడవ వంతు ఉన్నదని తెలుపును. ఈ గుర్తు ఏదియు లేని 50 కంటె, గుర్తులు కల 30 మేలైన ఎన్నిక.

నల్లని, చామన చర్మము కలవారికి ఇంకొక సంగతి ముఖ్యము. చర్మములోని మెలనిన్ కొంత సహజరక్షణ నిచ్చును. అందుచే ఎండ వలన వచ్చు చర్మపు కాన్సర్ వీరిలో తక్కువ. అయితే మంగు మచ్చలు, నల్లబాటు వీరినే ఎక్కువగా బాధించును. ఇట్టి చర్మములో కంటికి కనిపించు వెలుగు కూడ నల్లబాటు కలిగించునని 2010లో ప్రకటితమైన పరిశోధన చూపినది. ఆ వెలుగును ఎస్.పి.ఎఫ్. గాని, పి.ఎ. గాని కొలువదు. దానిని ఆపుటకు ఇనుప ఆక్సైడులు కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఉపయోగపడును. మంగు ఉన్నవారు 50 అంకెను చూచి తృప్తిపడి, మచ్చ తగ్గలేదని నిరాశచెందుటకు ఇదియొక కారణము కావచ్చును.

‘రసాయనములు లేనిది’ అను మాటకు శాస్త్రములో అర్థము లేదు. జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు కూడ రసాయనములే. ఇవి కిరణములను అద్దమువలె వెనుకకు త్రిప్పుననుట కూడ పూర్తిగా నిజము కాదు. ఎక్కువ భాగమును శోషించియే ఆపును. సున్నితమైన చర్మమునకు ఇవి సాధారణముగా నచ్చును గాని ముదురు చర్మముపై తెల్లని పూత మిగుల్చును. తెల్లగా కనబడుటకు సిగ్గుపడి తక్కువ పూసికొన్నచో వాని గుణము వ్యర్థము.

ఒక సాక్ష్యము

1992లో ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణములో 1,621 మందితో ఒక పరిశోధన ఆరంభమైనది. కొందరు ప్రతిదినము సన్‌స్క్రీన్ పూసికొనిరి; మిగిలినవారు తమ ఇష్టానుసారము వాడిరి. నాలుగున్నర సంవత్సరముల తరువాత మొదటివారిలో ఒక రకపు చర్మ కాన్సర్ కణుతులు సుమారు 40 శాతము తక్కువగా ఉండెను. 55 ఏండ్లలోపువారి చేతి వెనుక చర్మమును పరీక్షింపగా ముదిమి గుర్తుల పెరుగుదల 24 శాతము తక్కువగా కనిపించెను. ఇంతకును వారు వాడినది ఎస్.పి.ఎఫ్. 15 తరగతికి చెందిన సాధారణ లేపనము. పాల్గొన్నవారు ఎక్కువగా తెల్లని చర్మము కలవారగుటచే ఈ శాతములు తెలుగువారికి యథాతథముగా వర్తింపవు. కాని నీతి స్పష్టము: నియమముగా పూసిన చిన్న అంకె, ఎప్పుడో ఒకప్పుడు పూసిన పెద్ద అంకెను మించగలదు.

ఎన్నిక

కనుక నిత్యము వాడుటకు ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించినది, పి.ఎ. మూడు కూడిక గుర్తులకు తగ్గనిది చాలును. ఆపైన చూడవలసినవి అంకెలు కావు: చెమటలో కండ్లు మండింపకుండుట, జిడ్డు కాకుండుట, కావలసినంత పూసికొనుటకు ధర అందుబాటులో ఉండుట. జిడ్డు చర్మమునకు పలుచని జెల్ వంటిది, పొడి చర్మమునకు క్రీము, మంగు ఉన్నచో రంగుది. బొల్లి మచ్చలలో మెలనిన్ ఉండదు గనుక అట్టివారికి ఈ రక్షణ మరింత అవసరము.

హైదరాబాదులో సూర్యుడు మే రెండవ వారములోను, ఆగస్టు మొదటి వారములోను నడినెత్తికి వచ్చును. ఆ మధ్యాహ్నములలో ఏ గొట్టమును గొడుగుకు సాటిరాదు. నీడ తన పొడవుకంటె పొట్టిగా ఉన్నవేళ ఎండ తీక్ష్ణమైనదని గ్రహించుటకు విద్యార్థికి ఏ పరికరమును అక్కరలేదు. గొడుగు, టోపీ, చెట్టునీడ మొదటి రక్షణ. సన్‌స్క్రీన్ వానికి తోడు. లేబులుపైని అంకె ఆ తోడు యొక్క బలమును చెప్పును గాని, దానిని నిజము చేయునది పూసికొను చేయియే.