గరుసు నేలలో పనితనం

హార్స్‌లీ కొండ మీద కల్యాణి అనే యూకలిప్టస్ చెట్టు ఉంది. 1859లో నాటారని అక్కడ చెబుతారు. కొండెక్కినవాళ్లు దాని కింద ఫొటో దిగకుండా కదలరు. ఎక్కడిదో విత్తు ఇక్కడ అంత ఎత్తుకు ఎదగడం గొప్పే. కానీ ఈ నేలలో మొక్క పెంచే నేర్పు చూడాలంటే మదనపల్లె నుంచి తెట్టు దారి పట్టి రిషివ్యాలీకి పోవాలి. అక్కడా పేరున్న చెట్టు ఒకటి ఉండేది, పెద్ద మర్రి. 1926 ప్రాంతంలో బడికి చోటు వెతుకుతూ వచ్చిన జిడ్డు కృష్ణమూర్తి దాన్ని చూసే ఈ లోయను ఎంచుకున్నారంటారు. నా కళ్లు మాత్రం చుట్టూ ఉన్న గుట్టల మీది పొదల దగ్గరే ఆగిపోతాయి.

ఒకప్పుడు అవి బోడిగుట్టలు. ఒకవైపు మేకలు, మరోవైపు కట్టెల కోసం కొడవళ్లు. వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అదీ నాలుగు పెద్ద వానలుగా దబదబా కురిసి, పైమన్నును వెంటేసుకుని వాగులో పడేది. బడివాళ్లు దశాబ్దాల పాటు చేసిన పని చెప్పుకుంటే చాలా మామూలుగా ఉంటుంది. గుట్టల మీద మేత ఆపారు, నీటికి అడ్డుకట్టలు వేశారు, ఊటకుంట కట్టారు, మొక్కలు నాటారు. 1991లో ఈ లోయకు పక్షుల రక్షిత ప్రాంతమనే గుర్తింపు వచ్చింది. రెండు వందలకు పైగా పక్షిజాతులను ఇక్కడ నమోదు చేశారు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ఇంకెక్కడా బతకని పసుపు గొంతు పిగిలిపిట్ట వాటిలో ఒకటి.

ఇలాంటి గుట్టల మీద కందకం తవ్వే పద్ధతిని దగ్గరగా చూడాలి. వాలుకు అడ్డంగా ఒకే పొడుగు గీతలా తవ్వితే ఎక్కడో ఒకచోట తెగుతుంది, నీళ్లన్నీ ఆ గండిలోనే దూకుతాయి. అందుకే ముక్కలు ముక్కలుగా తవ్వుతారు. పై వరుసలో రెండు కందకాల నడుమ వదిలిన ఖాళీకి సరిగ్గా దిగువన, కింది వరుసలో ఒక కందకం వస్తుంది. పైన తప్పించుకున్న నీరు కింద చిక్కుతుంది. మట్టం చూడటానికి నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం చాలు. తీసిన మన్ను పల్లం వైపు కట్టగా పోసి, మొక్కను ఆ కట్ట మీద పెడతారు. కందకం అడుగున పెడితే ముసురు పట్టిన వారంలో వేరు కుళ్లిపోతుంది. కాలే నేలలో పని చేస్తూ కూడా నీళ్లెక్కువై చచ్చే మొక్క గురించి ఆలోచించారే, ఆ ముందుచూపు నాకు ముచ్చటేస్తుంది.

మేత ఆగిన గుట్ట మీద ముందుగా తలెత్తేది బందారు. మేకలు దాన్ని అంతగా ముట్టవు. ఆకు మీద జిగురు పూత ఎండలో వార్నీషులా మెరుస్తూ తేమను లోపలే పట్టి ఉంచుతుంది. తంగేడు దానికి తోడు. ఈ పొదల మీద పిగిలిపిట్టలు వాలి రెట్ట వేస్తాయి. ఆ రెట్టలోని గింజలు పొదల నీడలోనే మొలుస్తాయి. అలా మనిషి గొయ్యి తవ్వని చోట కూడా చెట్లు లేస్తాయి.

చెట్ల ఓపిక కూడా తెలుసుకోవాలి. వేగిస మొలక తొలి ఏళ్లలో ఎండకాలం వస్తే పైన ఎండిపోతుంది. చచ్చిందనుకుని పీకేసేవాళ్లున్నారు. కింద తల్లివేరు మాత్రం లావెక్కుతూ ఉంటుంది, అది బలపడ్డాకే కాండం నిలదొక్కుకుంటుంది. శేషాచలంలోని ఎర్రచందనం వేసవికి ముందే ఆకు రాల్చి ఖర్చు తగ్గించుకుంటుంది. ఈ కొండల్లోనే పుట్టి పెరిగే పేరిత అయితే, పాత ఆకుల మొదళ్లను కాండం చుట్టూ కవచంలా పేర్చుకుంటుంది. కార్చిచ్చులో ఆకులన్నీ మాడినా కొత్త ఆకు వేస్తుంది.

ఇంటి పెరడులో కందకాలు, కట్టల హంగామా అక్కర్లేదు. ఒక మట్టికుండ చాలు. రంగు పూయనిది, నీరు చెమర్చేది తీసుకుని మొక్క పక్కన మెడదాకా పాతి, నీళ్లు పోసి మూత పెట్టాలి. చుట్టూ మన్ను ఎండేకొద్దీ కుండ నీటిని వదులుతుంది, తడిగా ఉంటే ఆపుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి చైనా సేద్యగ్రంథం ఈ పద్ధతిని వర్ణించింది. మోటారు, టైమరు లేకుండా మొక్క అవసరం కనిపెట్టే ఈ సాధనాన్ని మించిన డ్రిప్పు నేను చూడలేదు. రెండు మూడేళ్లు గడిచాక దాన్ని తీసేయడం కూడా పనిలో భాగమే. మరీ ఎక్కువ రోజులు నీళ్లు పోస్తే వేరు పైపైనే తిరుగుతూ సోమరిదవుతుంది.

మన ఊళ్ల డివైడర్లలో కోనోకార్పస్, రిసార్టుల్లో ట్యాంకరు నీళ్లు తాగే పచ్చిక చూసినప్పుడల్లా ఇంత దగ్గర్లో ఉన్న పాఠం ఎవరికీ కనబడలేదా అనిపిస్తుంది. నర్సరీలను అనీ లాభం లేదు, ఎవరూ అడగని మొక్కను వాళ్లు పెంచరు.

కాబట్టి అడగండి. కానుగ, వేప, రేల కొనేటప్పుడు పొడుగు చూసి మోసపోకండి. కవరులో ఏళ్ల తరబడి ఉన్న మొక్కకు వేర్లు చుట్టలు తిరిగి ఉంటాయి, మూరెడు మొక్కే మేలు. తంగేడుకు ఆ ఖర్చు కూడా లేదు. గుట్ట పక్కన ఎండిన కాయలు కోసుకుని, గింజలను గరుకు రాయి మీద కాస్త రుద్ది, రాత్రి నానబెట్టి, పెరగాల్సిన చోటే వేయండి. చిత్తూరు, తిరుపతి వైపు నైరుతి వానలతో సరిపెట్టుకోనక్కర్లేదు, ఈశాన్యం కూడా దాదాపు అంతే ఇస్తుంది. ఈ ఏడు ఆషాఢం తప్పిపోయినా అక్టోబరు వానలకు ముందు గింజ నేలలో పడితే చాలు.