వరద రాకముందే పిల్లికి బుట్ట

గోదారి ఎర్రబడక ముందే ఇంట్లో పిల్లికి బుట్ట అలవాటు చేయండి. లంక ఊళ్లవాళ్లకి ఈ మాట మరీ మరీ చెప్తున్నాను. ధవళేశ్వరం దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అలాంటి రోజున గేదెల్ని తోలుకొచ్చి ఏటిగట్టు ఎక్కిస్తారు, మేకపిల్లల్ని చంకనేసుకుంటారు, కోళ్లని గంపల్లో సర్దుతారు. పిల్లి మాత్రం అటకెక్కుతుంది. పడవ ఇంజను చప్పుడు వినపడేసరికి దూలం చివరికంటా పోయి నక్కుతుంది. ఎలాగో పట్టుకుని గోనెసంచిలో కుక్కితే గింజుకుంటుంది, చేతులు రక్కేస్తుంది, సంచి తడిస్తే దానికి ఊపిరాడదు. పడవవాడు ఇంకా ఎన్ని ఇళ్లకి వెళ్లాలో! చివరికి "దాని బతుకు అదే బతుకుతుందిలే" అని వదిలేసి వస్తారు. వాళ్లని నేను తప్పుపట్టను. ఆ గాభరాలో, ఆ కాస్త సమయంలో, బుట్ట ఎరగని పిల్లిని బుట్టలోకి దింపడం ఎవరి తరమూ కాదు.

మా పిల్లి సుబ్బుల్ని పొద్దున్నే బుట్టలో గౌతమీ ఘాట్‌కి తీసుకెళ్తుంటే, ఇదేం సరదా అని అడిగేవాళ్లున్నారు. సరదా ఉంది, కాదనను. కానీ నా మటుకు అదొక సాధన. డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా, ఇల్లు మారాలన్నా, వరదలో పడవెక్కాలన్నా పిల్లికి కావలసింది ఒకటే: ఈ బుట్టలో కూర్చుంటే ఏమీ కాదన్న నమ్మకం. ఆ నమ్మకం ఒక్కపూటలో రాదు. మంచి రోజుల్లో చిన్న చిన్న ప్రయాణాలు చేయిస్తేనే చెడ్డ రోజున అక్కరకొస్తుంది.

కుక్క మనిషిని నమ్ముకుని బయటికొస్తుంది. పిల్లి చోటుని నమ్ముకుంటుంది. గుమ్మానికి, కుర్చీ కాలికి, మన కాళ్లకి బుగ్గ రాస్తుందే, అది ముద్దొక్కటే కాదు. బుగ్గల దగ్గరి గ్రంథుల వాసనతో ఇది నా చోటు అని గుర్తు పెట్టుకుంటోంది. అందుకే బయటికి తీసుకెళ్లేటప్పుడు ఆ చోటులో కొంత వెంట తీసుకెళ్లాలి. పాత నూలు చీర ముక్కతో దాని బుగ్గలు మెల్లగా తుడిచి, అదే గుడ్డ బుట్ట లోపలి గోడలకి రాసి, అడుగున పరుస్తాను. ఉతికిన కొత్త తువ్వాలు వేస్తే మనకి శుభ్రంగా ఉంటుంది గానీ, పిల్లికి అది పరాయి ఇల్లే.

బుట్ట పైనుంచి తెరుచుకునేదైతే మేలు. పక్క తలుపులోంచి తలకాయ ముందుగా తోస్తే నాలుగు కాళ్లూ చాపి అడ్డం పెడుతుంది. పైనుంచి వెనక కాళ్లు ముందు దింపితే సర్దుకుంటుంది. కొన్న రోజే మూత పెట్టకూడదు. మూత తీసేసి హాల్లో ఓ మూల వదిలేయాలి, కుర్చీలాగా అదీ ఇంట్లో సామానే అన్నట్టు. అన్నం గిన్నె మొదట బుట్ట పక్కన, తర్వాత అంచున, ఆ తర్వాత లోపల. తింటుండగా మూత వేసి వెంటనే తీయాలి. తర్వాత కాస్త ఎత్తి దించాలి. వరండా దాకా, మెట్ల దాకా, స్టార్టు చేయని స్కూటర్ మీద కాసేపు. ఎక్కడ చెవులు వెనక్కి వాలి, కంటిపాప పెద్దదై, ఒళ్లు నేలకి కరుచుకుపోతే అక్కడితో ఆ పూటకి ఆపేయాలి. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. అలవాటు చేసే రోజుల్లో బుట్టని సూది మందుకి మాత్రమే బయటికి తీస్తే, బుట్ట చూడగానే మంచం కిందికి దూరుతుంది.

మెడ పట్టీ పిల్లికి పనికిరాదు. దాని కాలర్ ఎముక మనదానిలా మిగతా ఎముకలకి అతుక్కుని ఉండదు, కండల మధ్య తేలుతూ ఉంటుంది. తల పట్టిన సందులోంచి ఒళ్లంతా జారిపోతుంది. ఛాతీకి, పొట్టకి కలిపి కట్టే బెల్టు కావాలి, కింద రెండు వేళ్లు పట్టేంత బిగువుతో. మొదటిసారి వేసినప్పుడు చాలా పిల్లులు కాళ్లు విరిగినట్టు పక్కకి ఒరిగిపోతాయి. కంగారు పడక్కర్లేదు, ఇంట్లోనే వేసి తిండి పెడుతుంటే లేచి నడుస్తాయి. బయట మూత తీసే ముందే తాడు బెల్టుకి తగిలించి ఉండాలి. మూత తీశాక తగిలిద్దాం అనుకుంటే అప్పటికే రావిచెట్టెక్కేస్తుంది.

ఘాట్‌లో జనం పల్చగా ఉన్నప్పుడే వెళ్తాం. వీధికుక్కలకి అందకుండా బుట్టని ఛాతీ ఎత్తున పట్టుకుంటాను; పిల్లికి ఎత్తు మీద ధైర్యం. అరుగు మీద పెట్టి మూత తీస్తే సుబ్బులు వెంటనే రాదు. ముందు ఒక చెవి తిరుగుతుంది, తర్వాత రెండోది. మనకి 20 కిలోహెర్ట్జ్ దాకానే వినపడుతుంది, దానికి 60 దాటినా వినపడుతుంది. ఆర్చి బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే మనకి దడదడ, దానికి ఇంకెన్ని రకాల కీచులో. ఒక ముందుకాలు బయట పెట్టి, రాయి తడిగా ఉందని విదిలించి, మళ్లీ పెడుతుంది. నది వైపు చూడనే చూడదు. మెట్ల మీద తోక ఊపుకుంటూ తిరిగే జిట్టంగి పిట్టని చూస్తుంది. కాసేపటికి తనంతట తనే బుట్టలోకి వెళ్లి కాళ్లు ముడుచుకుంటుంది. అదే ఆ పూటకి షికారు. బుట్ట మూత ఎప్పుడూ తెరిచే ఉంచుతాను, వెనక్కి వెళ్లే దారి కళ్లెదుట ఉంటేనే పిల్లి ముందుకి అడుగేస్తుంది.

టీ అమ్మే ఆవిడ మొదట్లో మమ్మల్ని చూసి ఆగిపోయేది. "పొద్దున్నే పిల్లెదురండీ, బేరం అవ్వొద్దాండీ?" అనేది. ఆవిడ బతుకు ఆ బేరం మీదే ఉంది, ఆ భయం నాకు చిన్నదిగా అనిపించలేదు. రెండో వైపు అరుగుకి మారాం. ఇప్పుడు ఆవిడే కుక్కల్ని అదిలిస్తుంది. "ఆయ్, సుబ్బులు రాలేదేటండీ" అని అడుగుతుంది.

సాయంత్రం హారతి వేళ మైకులు, గంటలు, జనం. ఆ హడావిడిలోకి పిల్లిని తీసుకురావద్దు. రీల్సు కోసం గౌను తొడిగి మాల్‌కి మోసుకెళ్లడం నాకు అసలు నచ్చదు. మే నెలలో మన ఎండకి ఘాట్ రాళ్లు పాదాలు కాల్చేస్తాయి. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 38, 39 డిగ్రీలు. చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. కుక్క నోరు తెరిచి రొప్పితే సహజం, పిల్లి రొప్పితే ప్రమాదం. వెంటనే నీడకి చేర్చి, పాదాలు తడిపి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇక రేబీస్ టీకా, ట్రైక్యాట్ టీకా పడకుండా గడప దాటించవద్దు.

కడియం నర్సరీలు చూస్తే పచ్చగా, చల్లగా, పిల్లికి స్వర్గంలా ఉంటాయి. వద్దు. మందు కొట్టిన ఆకు ఏదో మనకి తెలియదు. కుండీల్లో అందంగా కనపడే సైకస్ పిల్లికి విషం. బొకేల్లో పెట్టే ఏసియాటిక్ లిల్లీ పుప్పొడి ఒంటికి అంటుకుని, నాక్కుంటే చాలు, కిడ్నీలు పోతాయి.

పిల్లి ప్రయాణానికి పనికిరాని జంతువని మనవాళ్లకి గట్టి నమ్మకం. కానీ సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు దొరికాయని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ సమాధికి దాదాపు 9,500 ఏళ్లు. ఆ దీవిలో పుట్టిన పిల్లి జాతి లేదు, అంటే ఎవరో పడవలో సముద్రం దాటించారన్నమాట. కోరంగి మడ అడవుల్లో బావురు పిల్లి నీళ్లలోకి దూకి చేపలు పట్టుకుంటుంది. మన ఇంటి పిల్లి కూడా బాలింతగా ఉన్నప్పుడు పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది. తల్లి మెడ పట్టుకోగానే కూన కదలకుండా ఒళ్లు వదిలేస్తుంది. మార్జాల కిశోర న్యాయం అని వైష్ణవులు చెప్పుకునేది దీన్నే. ఎదిగిన పిల్లిని మాత్రం అలా మెడ పట్టి ఎత్తకండి, దాని బరువుకి నొప్పి పుడుతుంది.

కనకాయలంక కాజ్‌వే మునిగితే అవతలి గట్టుకి పడవే గతి. అలవాటైన పిల్లి ఉంటే ఆ పడవలో ఒక బుట్ట చోటు చాలు. బుట్ట మీద మీ ఫోన్ నంబరు చెరగని ఇంకుతో రాయండి. లోపల పాత గుడ్డ, మీద కప్పడానికి తువ్వాలు, చిన్న సీసాలో నీళ్లు. గట్టెక్కాం కదా అని మూత తీసేయకండి. ఇంటి వాసన పట్టుకుని నీళ్లలోకైనా వెళ్లిపోతుంది. నీరు తీశాక కూడా వెంటనే వదలకూడదు. ముందు ఇల్లంతా కర్రతో తట్టి, మంచాల కింద, ధాన్యం బస్తాల సందుల్లో చూసుకోండి. వరద వెనకాల పాములు లోపల చేరతాయి, వాటిని మనకంటే ముందు కనిపెట్టి దగ్గరికి వెళ్లేది పిల్లే.